బరువు తగ్గింది సరే... బతుకు తేలికైందా?

నల్లగొండ గడియారం సెంటర్‌లోనైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా ఒకసారి తలెత్తి చూడండి. కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీల పక్కనే బరువు తగ్గించే కేంద్రాల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఎడమ పక్క ఒక ఫొటో, కుడి పక్క ఒక ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో ‘90 రోజుల్లో 18 కిలోలు’. మొదటి ఫొటోలో మనిషి ముఖం వేలాడేసుకుని ఉంటాడు, రెండో దాంట్లో నవ్వుతుంటాడు. డాక్టర్‌గా నాకు చూడాలనిపించేది మూడో ఫొటో. రెండేళ్ల తర్వాత తీసింది. అది ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

ఆ మూడో ఫొటో ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అది నాదే కాబట్టి.

2018లో నా బరువు 104 కిలోలు. వీరమాచనేని రామకృష్ణ గారి కొవ్వు ఆహారం గురించి తెలుగువాళ్ల ఇళ్లలో పొద్దున లేస్తే అదే చర్చగా ఉన్న రోజులవి. కొబ్బరినూనె తలకే కాదు, తాగడానికీ కొంటారని మా వీధి కిరాణా దుకాణదారుకు అప్పుడే తెలిసింది. నేను చేరింది అది కాదు, వేరే కార్యక్రమం. పేరు ఇక్కడ అనవసరం. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని ఆ అంకెను వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. తగ్గితే చప్పట్ల బొమ్మలు, పెరిగితే మౌనం. అయిదు నెలల్లో 19 కిలోలు తగ్గాను. నా రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి జిల్లా అంతా తిప్పారు.

ఆ అయిదు నెలల్లో నేను ఒక్క దావత్‌కూ పోలేదు. ఇంట్లో అందరూ తినేటప్పుడు వేరే గదిలో కూర్చునేవాణ్ని. చిన్న మాటకే నా భార్య మీద అరిచేవాణ్ని. రోగి చెబుతుంటే వినకుండా మధ్యాహ్నం ఏం తినాలో లెక్కలేసుకునేవాణ్ని. లాక్‌డౌన్ ముగిసేసరికి కాటా మళ్లీ 104 చూపించింది. గ్రూపులోని వాళ్లు కనిపిస్తారని ఎన్జీ కాలేజీ మైదానంలో నడక మానేశాను. బరువు తగ్గించే కార్యక్రమం వల్ల నేను చివరికి మానుకున్నది నడకనే అంటే మీరు నవ్వొచ్చు. నాకు అప్పుడు నవ్వు రాలేదు.

ఇదంతా చెబుతున్నది బరువు తగ్గడం దండగ అనడానికి కాదు. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 30 మంది, పురుషుల్లో 32 మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఇది బీఎంఐ 25 దాటిన వాళ్ల లెక్క. మన శరీర తత్వానికి 23 దాటితేనే జాగ్రత్త పడాలంటారు కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువ. షుగర్, బీపీ, కాలేయంలో కొవ్వు దీని వెంటే వస్తాయి. దీన్ని ఎవరి బద్ధకానికో అంటగట్టడం కూడా అన్యాయం. మా తాత జొన్న రొట్టె, గట్క తిని పొలానికి నడిచి పోయినోడు. 1967లో సాగర్ కాల్వలకు నీళ్లొచ్చాయి, మిర్యాలగూడ చుట్టూ రైస్‌మిల్లులు లేచాయి, అన్నం పండుగపూట నుంచి మూడు పూటలకు వచ్చింది. మంచిదే, ఆకలి తీరింది. కానీ ఆ అన్నం తిని నేను రోజంతా కుర్చీలో కూర్చుంటాను.

నా ఫిర్యాదు కొలత మీద. బరువు తగ్గించే కార్యక్రమాలన్నీ ఒక్క అంకెనే కొలుస్తాయి. ఆ మనిషి బతుకు ఎంత తేలికైందో ఎవరూ కొలవరు. కిలోలు దిగుతూనే బతుకు బరువెక్కొచ్చు. కిలోలు పెద్దగా దిగకుండానే బతుకు తేలిక కావచ్చు. రెండూ నా కళ్లతో చూశాను.

ఆడాలనుకున్న బతుకమ్మ

చండూరు వైపు బడిలో పనిచేసే ఒక టీచరమ్మ నా దగ్గరికి వస్తుంటారు. వయసు 54. నల్లగొండ నుంచి రోజూ ఆర్టీసీ బస్సులో పోయి రావాలి. ‘మహాలక్ష్మి’ ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో రద్దీ ఎంతో తెలిసిందే. ఆమె బాధ టికెట్ కాదు, మొదటి మెట్టు. కడ్డీ పట్టుకుని శరీరాన్ని పైకి లాక్కుంటుంటే వెనక నుంచి ఎవరో ఒకరు ‘జెర జల్ది ఎక్కరాదమ్మా’ అంటారట. ఆ మాటకు భయపడి రెండు బస్సులు వదిలేసి, ఖాళీగా వచ్చే మూడో దాని కోసం ఎండలో నిలబడేవారు.

86 కిలోలున్న ఆమె ఒక కేంద్రంలో చేరి 9 కిలోలు తగ్గారు. అభినందిద్దామనుకుంటుండగా ఆమె అన్న మాట ఇది: ‘‘సార్, తొమ్మిది కిలోలు తగ్గిన. కానీ ఇంట్ల ఎవ్వరు నాతోని మాట్లాడతలేరు. పొద్దుందాక ఆకలి, మాపటికి కోపం. మోకాళ్ల నొప్పి గట్లనే ఉన్నది.’’

మోకాళ్లు అలాగే ఎందుకున్నాయి? ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని అమెరికాలో 2005లోనే లెక్కగట్టారు. ఆ ప్రకారం ఆమెకు ఎంతో ఉపశమనం రావాలి. కానీ తిండి బాగా కోసేసి వేగంగా తగ్గినప్పుడు పోయే బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కాదు, కండ. మోకాలిని పట్టి ఉంచేది తొడ కండరమే. అది కరిగితే భారం తగ్గినా ఆసరా కూడా తగ్గుతుంది. పైగా ఆమె పుట్టి పెరిగింది ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లో. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు ఇప్పుడు నడివయసు దాటినవాళ్లలో చాలామంది చిన్నప్పుడు తాగిన నీళ్లు ఇంకా ఎముకల్లోనే ఉన్నాయి. నడుము వంగదు, కీళ్లు బిగుసుకుపోతాయి. అలాంటి మనిషికి ‘రోజుకు పదివేల అడుగులు’ అని హైదరాబాద్‌లో అచ్చు వేసిన కాగితం ఇస్తే ఎలా? అన్నట్టు, ఈ కేంద్రాల్లో బరువు తగ్గుతుందని గ్రీన్ టీ నాలుగైదు సార్లు తాగిస్తుంటారు. తేయాకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. ఇప్పటికే ఎముకల నిండా ఉన్న మా జిల్లావాళ్లు దాని మీద అంత మోజు పడనక్కర్లేదు.

‘‘బరువు సంగతి పక్కన పెట్టండమ్మా, మీరు ఏం చేయగలగాలని ఉంది?’’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘‘సద్దుల బతుకమ్మ నాడు ఆడాలె సార్. నాలుగేండ్ల సంది కుర్చీల కూసొని చూస్తున్న’’ అన్నారు.

లక్ష్యం అది. దానికి తగ్గట్టు పని మొదలైంది. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపి నిలిపి ఉంచడం, చేతుల ఆసరా లేకుండా కుర్చీ నుంచి పదిసార్లు లేవడం, పప్పు, గుడ్డు, పెరుగు కొంచెం పెంచి అన్నం ఒక గరిటె తగ్గించడం, రాత్రి తిండి ఎనిమిదిలోపు ఇంట్లో అందరితో కలిసి. ఆమె బరువు 77 నుంచి మళ్లీ పెరిగి ఇప్పుడు 82 దగ్గర ఆగింది. ఫ్లెక్సీ లెక్కలో ఆమె ఓడిపోయిన మనిషి. కిందటి పండుగకు మాత్రం కొంతసేపు ఆడి, కూర్చుని, మళ్లీ లేచి ఆడారు. బస్సు మెట్టు ఎక్కుతున్నారు. ఇంట్లో మాటలు కూడా మొదలయ్యాయట.

పెద్ద అధ్యయనాలు చెప్పింది కూడా ఇదే

ఒక్క టీచరమ్మ కథతో ఇంత మాట అనొచ్చా అని అడిగేవాళ్లుంటారు. అడగాలి కూడా. అమెరికాలో 2001లో ‘లుక్ అహెడ్’ పేరుతో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. బరువు ఎక్కువగా ఉండి టైప్-2 షుగర్ ఉన్న 5,145 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆహారం, వ్యాయామం మీద గట్టి శిక్షణ, రెండో గుంపుకు మామూలు సలహాలు. శిక్షణ పొందినవాళ్లు మొదటి ఏడాదిలో 8.6 శాతం బరువు తగ్గారు, చివరికి 6 శాతం దగ్గర నిలబడ్డారు. గుండెపోట్లు తగ్గుతాయా అన్నది అసలు ప్రశ్న. రెండు గుంపుల మధ్య తేడా కనిపించకపోవడంతో 2012లో ఆపేశారు. పత్రికలు ‘విఫలం’ అని రాశాయి.

కానీ వాళ్ల రోజువారీ బతుకు లెక్కలు చూస్తే వేరే కథ. నాలుగేళ్లలో నడవడం, మెట్లెక్కడం లాంటి కదలికలు కోల్పోయే ముప్పు శిక్షణ గుంపులో 48 శాతం తక్కువ. నిద్రలో ఊపిరి ఆగే సమస్య తగ్గింది. శరీరానికి సంబంధించిన జీవన నాణ్యత మెరుగ్గా ఉంది. మనసుకు సంబంధించిన మార్కుల్లో మాత్రం అంత తేడా లేదు. అది నాకు ఆశ్చర్యం అనిపించలేదు. మోకాలి నొప్పి కిలోలతో పోతుంది. చుట్టాలు అన్న మాట కిలోలతో పోదు.

మనకు దగ్గరి ఉదాహరణ చెన్నైది. డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ వచ్చే అంచున ఉన్న 531 మంది మీద చేసిన పరిశోధన 2006లో వెలువడింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. విశేషమేమిటంటే, వాళ్ల బరువు దాదాపు తగ్గలేదు! అదే వాట్సాప్ గ్రూపులో ఉంటే వాళ్లందరికీ మౌనమే దక్కేది.

ఇంకో సంగతి మన ఇళ్లలో ఎవరూ పైకి అనరు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం చుక్కలుగా పడటం. నడివయసు దాటిన మహిళల్లో ఇది చాలా మందికి ఉంది, బరువు ఎక్కువైతే పొత్తికడుపు ఒత్తిడితో ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్ ప్రయాణం ఉందంటే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు మానేసే అమ్మలు నాకు తెలుసు. చెరువుగట్టు జాతరకో, మన్యంకొండకో రానంటే భక్తి తగ్గిందని అనుకుంటాం. 2009లో 338 మంది మహిళల మీద చేసిన అధ్యయనంలో సగటున 8 శాతం బరువు తగ్గినవాళ్లకు ఈ ఇబ్బంది వారంలో దాదాపు సగానికి, అంటే 47 శాతం తగ్గింది. మామూలు సలహాలు విన్న గుంపులో తగ్గింది 28 శాతం. ఏ కేంద్రమైనా చేరే రోజున ఈ ప్రశ్న అడుగుతుందా? నేను కూడా చాలా ఏళ్లు అడగలేదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు మా నర్సమ్మ అడుగుతుంది.

బతుకును కొలవలేం అనేవాళ్లకు ఒక మాట. ఊబకాయం ఉన్నవాళ్ల జీవన నాణ్యతను కొలవడానికి 31 ప్రశ్నల పట్టిక ఒకటి ఇరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉంది. శరీరం కదలిక, ఆత్మగౌరవం, దాంపత్యం, నలుగురిలో పడే ఇబ్బంది, ఉద్యోగం, అన్నీ అందులో వస్తాయి. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ ఊబకాయానికి ఇచ్చిన కొత్త నిర్వచనంలోనూ, అదే నెలలో మన దేశ నిపుణులు సవరించిన మార్గదర్శకాల్లోనూ బీఎంఐ ఒక్కటే చాలదని తేల్చారు. అవయవాలు దెబ్బతిన్నాయా, రోజువారీ పనులకు బరువు అడ్డమవుతోందా అనేవి చూడాలన్నారు. కాగితం మీద వైద్యశాస్త్రం మారింది. మన కేంద్రాల్లో కాటా ఒక్కటే మిగిలింది.

పెళ్లిచూపుల కిలోలు

మధ్యతరగతి ఇళ్లలో బరువు గురించి ఎక్కువ ఆత్రం ఎవరి విషయంలో? షుగర్ ఉన్న నాన్న విషయంలో కాదు. పెళ్లీడు కొచ్చిన అమ్మాయి విషయంలో.

మహబూబ్‌నగర్‌లో ఒక తల్లి తన 23 ఏళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్‌లో ఉంటుంది. 68 కిలోల నుంచి మూడున్నర నెలల్లో 56కు దిగింది, ఫోన్ యాప్ చెప్పినట్టు రోజుకు 900 కేలరీలు. మూడు నెలలుగా నెలసరి లేదు. దువ్వెన పెడితే జుట్టు ఊడి వస్తోంది. హాస్టల్ బాత్‌రూంలో కళ్లు తిరిగి పడింది. పరీక్షలు రాసి ఇస్తుంటే తల్లి మెల్లగా అడిగింది, ‘‘ఇంకో అయిదు కిలోలు తగ్గేటట్టు చూడుండ్రి సార్, వాళ్లు ఇంకా ఏ మాటా చెప్తలేరు’’ అని. అమ్మాయి నేల చూస్తూ కూర్చుంది.

ఆ తల్లిని తప్పుపట్టడం తేలిక. ఆమె ఊరు, బంధుత్వం ఆమెతో ఆ మాట అనిపిస్తున్నాయి. అయినా నేను చెప్పాల్సింది చెప్పాను: ఈ పిల్లకు ఇప్పుడు కావాల్సింది తిండి. ఇలా పస్తులతో దిగిన శరీరం ఊరుకోదు. అమెరికా టీవీ పోటీలో బాగా తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించారు. ఎక్కువ మంది మళ్లీ పెరిగారు. అయినా వాళ్ల శరీరాలు ఆ బరువుకు ఖర్చు చేయాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తూనే ఉన్నాయి. కరువు పోయిందని శరీరం నమ్మలేదన్న మాట. పాలమూరు మనుషులకు కరువు గురించి నేను వివరించాలా!

ఇప్పుడు ఇంజెక్షన్ల కాలం. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. అవసరమైన వాళ్లకు అవి నిజంగా మేలు చేస్తాయి, బీఎంఐ బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు ఆపరేషన్ కూడా బతుకును మార్చేస్తుంది. వాటిని చిన్నచూపు చూసే డాక్టర్లలో నేను లేను. అయితే వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్‌ను పరిశోధనలో ఆపేసిన ఏడాదిలోనే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. పెళ్లి ముహూర్తం కోసం నాలుగు సూదులు వేయించుకుందామనుకునేవాళ్లు ఆ లెక్క చూసుకోవాలి.

నా సంగతి సగంలో వదిలేశాను. 2021లో మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి గ్రూపు లేదు. వారానికి అయిదు రోజులు అరగంట నడక, అన్నం కొలత, ఆదివారం దావత్ ఉంటే దావత్, మటన్ రెండు ముక్కలు, బగారా అన్నం ఒకసారే. ఇప్పుడు 97. ఏడు కిలోలే, అంటే దాదాపు 7 శాతం. షుగర్ ముప్పును 58 శాతం తగ్గించిన 2002 నాటి అమెరికా పరిశోధనలో పెట్టుకున్న లక్ష్యం కూడా 7 శాతమే, వారానికి 150 నిమిషాల నడకతో. నన్ను చూసి ఎవరూ ‘తగ్గినవ్’ అనలేదు. కానీ గురక తగ్గిందని మా ఆవిడ చెప్పింది. సత్యనారాయణ వ్రతంలో పీట మీద కూర్చుని ఒకరి చేయి పట్టుకోకుండా లేచాను. బూటు లేసు కట్టుకుంటుంటే ఊపిరాడకపోవడం పోయింది.

ఇంట్లో బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవాళ్లుంటే మిగతావాళ్లకు ఒక విన్నపం. కాటా అంకె అడగకండి. రాత్రి నిద్ర పట్టిందా, మెట్లు ఎక్కగలుగుతున్నావా, పెళ్లి ఫొటోలో ముందు వరుసలో నిలబడ్డావా, తిన్నాక తప్పు చేసినట్టు అనిపిస్తోందా, ఇవి అడగండి. ‘ఏంది వదినా, మళ్ల లావైనవ్’ అనే పలకరింపు మానండి. వాళ్ల కోసం వేరే వంట కాకుండా, ఇంటిల్లిపాదికీ నూనె, అన్నం కొంచెం తగ్గించిన ఒకే వంట చేయండి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా పూటలు మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఇక ఏ కేంద్రంలోనైనా డబ్బు కట్టే ముందు రెండేళ్ల కిందట అక్కడ చేరినవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని చూపించమనండి. ఎన్ని కిలోలు తగ్గారని కాదు, ఇప్పుడు ఎలా ఉన్నారని వాళ్లనే అడగండి. చూపించలేమంటే ఆ డబ్బుతో ఒక జత మంచి బూట్లు కొనుక్కుని ఎన్జీ కాలేజీ మైదానానికి రండి. పొద్దున ఆరింటికి నేను అక్కడే ఉంటాను, నెమ్మదిగా నడిచేవాళ్లలో.